మాల్దీవ్స్ ముందు ‘ది’ ఎందుకు, శ్రీలంక ముందు ఎందుకు వద్దు?

శ్రీకాకుళంలోగానీ విజయనగరంలోగానీ ఏ కోచింగ్ సెంటర్లో చేరినా, ఇంగ్లిష్ క్లాసుల్లో ఆర్టికల్స్ తొలి రోజుల్లోనే వచ్చేస్తాయి. నోట్సులో రెండు సూత్రాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దేశాల పేర్ల ముందు ‘ది’ రాదు. ద్వీప సమూహాల పేర్ల ముందు ‘ది’ వస్తుంది. ఇండియా, చైనా, నేపాల్ వరకు మొదటి సూత్రానికి ఢోకా లేదు. అండమాన్స్ దగ్గర రెండోది సరిపోతుంది. ద్వీప సమూహమే ఒక దేశమైతే మాత్రం ఏ సూత్రం పట్టుకోవాలో నోట్సు చెప్పదు. “జపాన్ కూడా దీవులే కదా మాస్టారూ, దానికెందుకు రాదు?” అని ఎవరో ఒకరు అడుగుతారు. చాలాసార్లు దానికి వచ్చే జవాబు “అది ఎక్సెప్షన్, గుర్తుపెట్టుకోండి” అన్నది. ఆ జవాబు న్యాయం కాదని నా అభిప్రాయం. జపాన్ మినహాయింపు కాదు. సూత్రాన్ని మనం తప్పుగా రాసుకున్నాం, అంతే.

ఈ చిక్కు పరీక్ష బిట్ల దగ్గరే ఆగదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి వైపు ఓడల్లో పనికి వెళ్లేవాళ్లున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ కుర్రాళ్ల కాగితాల నిండా ద్వీప దేశాల పేర్లే. ఓడ జెండా, అంటే ఓడ నమోదైన దేశం, మార్షల్ ఐలాండ్స్‌ది. తోటి సిబ్బందిలో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్లు. సిబ్బంది మారేది సింగపూర్‌లో. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లో ఇవన్నీ వరసగా చెప్పాల్సి వచ్చినప్పుడు ఎక్కడ ‘ది’ పెట్టాలో, ఎక్కడ వదిలేయాలో తెలియక తడబడతారు. పని తెలియక వచ్చే తడబాటు కాదది. 2024 జనవరిలో లక్షద్వీప్ వివాదంతో మాల్దీవుల పేరు రోజుల తరబడి వార్తల్లో నలిగినప్పుడు ఇంగ్లిష్ పేపర్లు చూసినవాళ్లకు మరో వింత కనిపించింది. హెడ్డింగులో ఒట్టి మాల్దీవ్స్, కింద వార్తలో ది మాల్దీవ్స్.

ముందే ఒక మాట. హల్లు ముందు ‘ద’ అని, అచ్చు ముందు ‘ది’ అని పలకడం ఇంగ్లిష్ పద్ధతి. మన వాడుకలో రెండూ ‘ది’ కిందే నడుస్తున్నాయి కాబట్టి ఇక్కడ అన్నిచోట్లా అదే రాస్తున్నాను.

‘ది’ చేసే పని

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే ముక్క లేదు. “బస్సు వచ్చింది” అంటే ఏ బస్సో సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా వదిలేయడం కుదరదు. ఏదో ఒక బస్సా, మనిద్దరం ఎదురు చూస్తున్న బస్సా అన్నది నామవాచకం ముందే తేల్చి చెప్పాలి. ఇద్దరికీ తెలిసిన ఆ ఫలానాది అని చెప్పడమే ‘ది’ పని.

మనిషికో ఊరికో పెట్టిన పేరు ఆ ఫలానాదాన్ని అప్పటికే చూపించేస్తుంది. పలాస అంటే పలాసే. కాబట్టి దాని ముందు ‘ది’తో అవసరం లేదు. ఇండియా, శ్రీలంక, క్యూబా ఈ కోవలోవే.

కొన్ని పేర్లు మాత్రం వేరేలా పుడతాయి. ఒక మామూలు నామవాచకం తీసుకుని, ముందు ఒక విశేషణం తగిలించి, దాన్నే పేరుగా వాడతారు. యునైటెడ్ కింగ్‌డమ్ అంటే ఏకమైన రాజ్యం. రాజ్యం అన్నది మామూలు మాట. రాజ్యాలు చాలా ఉన్నాయి, అందులో ఇది ఫలానాది అని చెప్పాలి గనుక ‘ది’ వచ్చి కూర్చుంటుంది. అది పేరుగా స్థిరపడ్డాక కూడా ‘ది’ అక్కడే ఉండిపోతుంది. భాషాశాస్త్రంలో మొదటి రకాన్ని బలమైన సంజ్ఞానామాలని, రెండో రకాన్ని బలహీనమైన సంజ్ఞానామాలని అంటారు. తమంతట తాము నిలబడేవి ఒకటి, ‘ది’ ఊతం కావాల్సినవి మరొకటి.

మన జిల్లాల్లోనే ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. శ్రీకాకుళం ఊరికి ‘ది’ లేదు. ఊరిని ఒరుసుకుంటూ పారే నాగావళిని ఇంగ్లిష్‌లో ది నాగావళి అంటారు. వంశధార కూడా ది వంశధారే. పేరులో నది అన్న మాట పైకి వినిపించకపోయినా వెనకాల ఉందని ఇంగ్లిష్ లెక్క. మందస దాటితే కనిపించే మహేంద్రగిరి ఒక్క కొండ, దానికి ‘ది’ రాదు. ఆ కొండ ఏ వరసలోదో చెప్పాల్సి వస్తే మాత్రం ది ఈస్టర్న్ ఘాట్స్ అనాలి. ఘాట్స్ మామూలు నామవాచకం, పైగా బహువచనం.

అంటే ‘ది’ని తేల్చేది పేరు కట్టిన తీరు. ఆ పేరున్న నేల ఎలా ఉందన్నది కాదు. ద్వీప దేశాల చిక్కుముడి మొత్తం ఇక్కడినుంచే విడిపోతుంది.

పేరులో దాగి ఉన్న ‘దీవులు’

ఫిలిప్పీన్స్ చరిత్ర చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. 1543లో స్పెయిన్ నావికుడు విల్లాలోబోస్ అక్కడి కొన్ని దీవులకు తమ యువరాజు ఫిలిప్ పేరు పెట్టాడు. తర్వాత ఆయనే రెండో ఫిలిప్ రాజయ్యాడు. స్పానిష్‌లో ఆ పేరుకు అర్థం ఫిలిప్ దీవులని. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది ది ఫిలిప్పీన్ ఐలాండ్స్ అయింది. ఇందులో ఐలాండ్స్ మామూలు నామవాచకం, ఫిలిప్పీన్ విశేషణం. కాబట్టి ‘ది’ తప్పనిసరి. వాడగా వాడగా చివరి మాట ఊడిపోయింది. పోతూ పోతూ తన బహువచనపు ‘స్’ను ముందున్న మాటకు అంటించి పోయింది. అలా మిగిలిందే ది ఫిలిప్పీన్స్. దీవులన్న మాట కనిపించకుండా పోయినా, దానికోసం వచ్చిన ‘ది’ మాత్రం కదల్లేదు.

మాల్దీవులదీ ఇదే కథ. ఒకప్పుడు ది మాల్దీవ్ ఐలాండ్స్. 1965లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా పేరులో ఐలాండ్స్ ఉంది. 1969లో అది తగ్గి మాల్దీవ్స్ అయింది. ది బహామా ఐలాండ్స్ ది బహామాస్‌గా, ది కొమొరో ఐలాండ్స్ ది కొమొరోస్‌గా మారిన దారి కూడా ఇదే. బంగాళాఖాతంలో మనకు దగ్గరివి అండమాన్లు. అవి దేశం కాకపోయినా ది అండమాన్స్ అన్న పేరు ఇదే అచ్చులో తయారైంది. మన తీరం నుంచి చేపల వేటకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ పేరు మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. తెలుగులో “మా బావ అండమాన్‌లో ఉన్నాడు” అంటాం. ఆ ఏకవచనాన్నే ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లి ఇన్ అండమాన్ అంటాం. భారతీయ ఇంగ్లిష్‌లో అది బాగా నలిగిన వాడుకే. పుస్తకాల ఇంగ్లిష్ మాత్రం ఇన్ ది అండమాన్స్ అంటుంది.

దీవులు వేలున్నా ‘ది’ రాని దేశాలు

ఇప్పుడు జపాన్ సంగతి. 2023లో కొత్తగా లెక్కపెడితే ఆ దేశంలో 14,125 దీవులు తేలాయి. ఫిలిప్పీన్స్ అధికారిక లెక్క 7,641. మాల్దీవుల్లో పగడపు దీవులు సుమారు 1,190. దీవుల సంఖ్యే కారణమైతే ఈ మూడింటిలో ముందుగా జపాన్‌కే ‘ది’ రావాలి. రాదు, ఎందుకంటే జపాన్ అన్న పేరులో దీవులన్న మాట ఎప్పుడూ లేదు. అది ఏకవచనంలో ఉన్న ఒక బలమైన సంజ్ఞానామం. ఆ నేల ఒక్క ముక్కా, పద్నాలుగు వేల ముక్కలా అన్నది వ్యాకరణం పట్టించుకోదు.

ఇండోనేషియా ఇంకా మంచి ఉదాహరణ. ఆ దేశంలో 17 వేలకు పైగా దీవులున్నాయి. పైగా ఆ పేరు గ్రీకు మూలాల నుంచి కట్టింది, నెసోస్ అంటే ద్వీపం. అర్థంలో దీవులు ఉన్నాయి, రూపంలో మాత్రం బహువచనం లేదు. అందుకే ‘ది’ లేదు. అదే ముక్కతో పుట్టిన మైక్రోనేషియాకు కూడా ఒంటరిగా వాడితే ‘ది’ ఉండదు. దాని అధికారిక పేరు ఫెడరేటెడ్ స్టేట్స్ ఆఫ్ మైక్రోనేషియా అనాల్సి వచ్చినప్పుడు ముందు ‘ది’ వస్తుంది. స్టేట్స్ అన్న మామూలు నామవాచకం దాన్ని రప్పించింది. ఫిజీలో దీవులు మూడు వందలు దాటాయి, పేరు మాత్రం ఒక్క మాటే. కొన్నేళ్లపాటు ఆ దేశం అధికారికంగా రిపబ్లిక్ ఆఫ్ ది ఫిజీ ఐలాండ్స్ అని రాసుకుంది, తర్వాత రిపబ్లిక్ ఆఫ్ ఫిజీకి మారింది. ఐలాండ్స్ ఉన్నన్నాళ్లూ లోపల ‘ది’ ఉంది, అది తీసేయగానే ‘ది’ కూడా వెళ్లిపోయింది.

మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు పనికి వెళ్లే బహ్రెయిన్ కూడా ద్వీప దేశమే, ఒకటి కాదు చాలా దీవులు. అయినా ఒట్టి బహ్రెయినే.

రెండు సూత్రాలూ ఒకే పేరులో ఇమిడిపోయిన దేశం కరీబియన్‌లో ఉంది. సెయింట్ విన్సెంట్ అండ్ ది గ్రెనడీన్స్. సెయింట్ విన్సెంట్ ఒక్క ద్వీపం పేరు, దాని ముందు ఏమీ లేదు. గ్రెనడీన్స్ దీవుల వరస, బహువచనం, దాని ముందు ‘ది’. పేరు మధ్యలో ఉన్న ఆ చిన్న ముక్కను ఓడల కాగితాల్లో చాలామంది మరచిపోతారు. పక్కనే ఉన్న ట్రినిడాడ్ అండ్ టొబాగో, ఆంటిగ్వా అండ్ బార్బుడాలకు ఎక్కడా ‘ది’ లేదు. రెండేసి ద్వీపాలున్నా పేర్లు విడివిడిగా ఏకవచనాలే. ఇదే సముద్రంలో డొమినికా అని ఒక దేశం ఉంది, డొమినికన్ రిపబ్లిక్ అని ఇంకో దేశం ఉంది. మొదటిదానికి ‘ది’ లేదు, రెండోదానికి తప్పనిసరి. రిపబ్లిక్ అన్నది మామూలు నామవాచకం గనుక.

చివర ‘స్’ ఉంటే సరిపోతుందా?

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు ఒక అడ్డదారి వెతుక్కుంటారు. చివర ‘స్’ వినిపిస్తే ‘ది’ పెట్టెయ్యడమే. మారిషస్ దగ్గరే ఇది బెడిసికొడుతుంది. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి చెరకు తోటల కూలీలుగా తెలుగువాళ్లు వెళ్లిన దేశమది, అక్కడ తెలుగు సంతతి ఈనాటికీ ఉంది. మారిషస్‌లోని ‘స్’ బహువచన ప్రత్యయం కాదు, పేరులోనే భాగం. మారిష్ అన్న ద్వీపం ఒకటుండి అలాంటివి కొన్ని కలిస్తే మారిషస్ అయిందని కాదు కదా. సైప్రస్‌దీ అదే సంగతి. బార్బడోస్ పేరు స్పానిష్, పోర్చుగీసు భాషల్లో బహువచనమే, గడ్డాలున్నవి అన్న అర్థంలో పుట్టింది. ఇంగ్లిష్‌వాళ్ల చెవికి మాత్రం అది ఒక ద్వీపానికి పెట్టిన ఒక మాట. కాబట్టి బార్బడోస్‌కు కూడా ‘ది’ లేదు. మూలభాషలో ఏముందన్నది పనికిరాదు. ఇంగ్లిష్‌లో అది బహువచనంగా వినిపిస్తోందా లేదా అన్నదే లెక్క.

దేశం తన పేరు తాను చెప్పుకున్నప్పుడు

ఇంతవరకు చెప్పిందే మొత్తం కథ అయితే సాలమన్ ఐలాండ్స్ ముందు కచ్చితంగా ‘ది’ ఉండాలి. ఐలాండ్స్ అన్న మాట ఊడిపోకుండా అక్కడే కనిపిస్తోంది. ఇంగ్లిష్ మాట్లాడే చాలామంది ది సాలమన్ ఐలాండ్స్ అనే అంటారు కూడా. ఆ దేశం మాత్రం అలా అనుకోదు. 1978లో స్వతంత్రమైన ఆ రాజ్యం అధికారిక పేరు ఒట్టి సాలమన్ ఐలాండ్స్. ఐక్యరాజ్యసమితి పత్రాలూ అలాగే రాస్తాయి. దగ్గర్లోని మార్షల్ ఐలాండ్స్ తన పూర్తి పేరును రిపబ్లిక్ ఆఫ్ ది మార్షల్ ఐలాండ్స్ అని రాసుకుంటుంది. కట్టడం ఒకటే, ఎంపికలు వేరు.

పూర్తి పేరు లోపల ‘ది’ ఉందా లేదా అన్నది దేశం మనసులో మాట చెబుతుంది. రిపబ్లిక్ ఆఫ్ ది ఫిలిప్పీన్స్, యూనియన్ ఆఫ్ ది కొమొరోస్ అన్నవి ‘ది’ని దగ్గర పెట్టుకున్న పేర్లు. రిపబ్లిక్ ఆఫ్ మాల్దీవ్స్, రిపబ్లిక్ ఆఫ్ సీషెల్స్ దాన్ని వదిలేసినవి. దేశాల పేర్లకు అంతర్జాతీయ ప్రమాణంగా వాడే ఐఎస్ఓ 3166 జాబితాలో కూడా ఈ తేడా అచ్చంగా కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్, బహామాస్, కొమొరోస్, మార్షల్ ఐలాండ్స్ పక్కన బ్రాకెట్లో ‘ది’ ఉంటుంది. మాల్దీవ్స్, సీషెల్స్, సాలమన్ ఐలాండ్స్ పక్కన ఉండదు.

అలాగని మాల్దీవ్స్ ముందు ‘ది’ పెట్టడం తప్పయిపోదు. వాక్యంలో ది మాల్దీవ్స్ అనడమే ఇంగ్లిష్‌లో బాగా స్థిరపడిన వాడుక. సీషెల్స్ విషయంలో వాడుకే రెండుగా చీలింది. 115 దీవుల ఆ దేశ ప్రభుత్వం ‘ది’ లేకుండా రాస్తుంది. బయటి రచయితల్లో, ముఖ్యంగా బ్రిటన్ వైపు, ది సీషెల్స్ అనేవాళ్లు చాలామంది.

బహామాస్ దీనికి పూర్తిగా ఎదురు. 1973లో స్వాతంత్ర్యం పొందిన ఆ దేశం అధికారిక పేరు కామన్‌వెల్త్ ఆఫ్ ది బహామాస్. అందులోని ‘ది’ని వాక్యం మధ్యలో కూడా క్యాపిటల్ టీతో రాస్తారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది పేరులో ఒక అక్షరంతో సమానం. ఇలా ‘ది’ని పేరులోనే కలుపుకున్న మరో దేశం గాంబియా. అది ద్వీపం కాదు, ఆఫ్రికాలో ఒక నది వెంట సన్నగా సాగిన దేశం. నది పేరు కాబట్టి ‘ది’ మొదటినుంచీ ఉంది, మన నాగావళికి ఉన్నట్టే. 1964లో అప్పటి ప్రధాని కార్యాలయం ఆ ‘ది’ని అధికారికంగా అలాగే ఉంచాలని బ్రిటిష్ భౌగోళిక నామాల కమిటీని కోరింది. అప్పుడే స్వతంత్రమవుతున్న జాంబియాతో తమ పేరు కలగాపులగం కాకూడదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. వ్యాకరణం తెచ్చిపెట్టిన ముక్కను ఒక ప్రభుత్వం ఆలోచించి గుర్తింపు చిహ్నంగా నిలబెట్టుకోవడం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

పేపర్లు మాత్రం ఈ క్యాపిటల్ టీ కోరికను అన్నిచోట్లా మన్నించవు. చాలా పత్రికలు వాక్యం మధ్యలో చిన్న టీతోనే ది బహామాస్ అని రాస్తాయి.

పేరు మారితే ‘ది’ ఎక్కడికి పోతుంది?

వలస పాలన ముగిసేటప్పుడు పసిఫిక్‌లో కొన్ని దేశాలు పేర్లు మార్చుకున్నాయి. ది ఎల్లిస్ ఐలాండ్స్ తువాలుగా మారి 1978లో స్వతంత్రమైంది. ది గిల్బర్ట్ ఐలాండ్స్ 1979లో కిరిబాటి అయింది, దాన్ని వాళ్లు కిరిబాస్ అని పలుకుతారు. ది న్యూ హెబ్రిడీస్ 1980లో వనువాటు అయింది. మూడింటిలోనూ ‘ది’ రాలిపోయింది. కిరిబాటి విషయం మరీ గమనించదగ్గది. గిల్బర్ట్స్ అన్న ఇంగ్లిష్ మాటనే అక్కడి భాషలో పలికితే వచ్చిన రూపమది. మాట ఒకటే, దీవులు అవే, మనుషులు వాళ్లే. ఇంగ్లిష్ చెవికి బహువచనంగా వినిపించడం మానేసిన క్షణంలో ‘ది’ అక్కర్లేకుండా పోయింది.

మన దేశంలోనూ ఇది జరిగింది. 1973 వరకు లక్షద్వీప్‌ను లక్కదీవ్, మినికాయ్, అమిన్‌దీవి దీవులనేవారు. క్లుప్తంగా ది లక్కదీవ్స్. ఇప్పుడు లక్షద్వీప్ అంటే ‘ది’ లేదు. మన చెవికి అందులో లక్ష దీవులు వినిపిస్తున్నా, ఇంగ్లిష్‌కు అది ఏకవచనమే. శ్రీలంక 1972లో సిలోన్ పేరు వదిలేసినప్పుడు మాత్రం ఈ విషయంలో ఏ మార్పూ రాలేదు. రెండూ బలమైన పేర్లే.

‘ది’ పెడితే చిన్నబుచ్చినట్టా?

కొందరి వాదన ఇలా ఉంటుంది. ‘ది’ ఉన్న పేరు ఒక దేశంలా కాకుండా ఒక ప్రాంతంలా, ఎవరో గీసిన మ్యాపులో ఒక ముక్కలా వినిపిస్తుంది. వాళ్లు ముందుకు తెచ్చే ఉదాహరణ ఉక్రెయిన్. సోవియట్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ ఇంగ్లిష్‌లో ది ఉక్రెయిన్ అనేవారు. 1991లో స్వతంత్రమయ్యాక ఆ దేశం ‘ది’ వద్దంది, ఇంగ్లిష్ ప్రపంచం క్రమంగా మానుకుంది. ఇవాళ ఆ ‘ది’ పెట్టడాన్ని ఉక్రెయిన్ ప్రజలు అవమానంగానే తీసుకుంటారు. సాలమన్ ఐలాండ్స్, సీషెల్స్ కూడా దాన్ని వదిలించుకోవడం వెనక ఇలాంటి ఆలోచనే ఉందని ఈ పక్షం అనుకుంటుంది.

రెండో పక్షం వాదనలోనూ బలముంది. ‘ది’ చిన్నచూపే అయితే బహామాస్, గాంబియా స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని ఏరికోరి ఎందుకు ఉంచుకుంటాయి? అమెరికా, బ్రిటన్ రెండింటి అధికారిక పేర్లలోనూ ‘ది’ ఉంది, వాటిని ఎవరూ తక్కువగా చూడలేదు. ‘ది’ రావడానికి కారణం పేరు రూపమే తప్ప గౌరవం కాదని వాళ్లంటారు. ఒక భాషలో ఆర్టికల్ ఎక్కడ పెట్టాలో ఆ భాష మాట్లాడేవాళ్ల నాలుక నిర్ణయిస్తుందని, ప్రభుత్వ ఉత్తర్వు కాదని కూడా అంటారు.

నాకు తోచింది చెబుతాను. ఉక్రెయిన్ విషయంలో ‘ది’ని నిలబెట్టే వ్యాకరణ కారణం ఇంగ్లిష్‌లో ఏదీ లేదు. అది బహువచనమూ కాదు, మామూలు నామవాచకమూ కాదు. కాబట్టి ఆ దేశం అడగ్గానే తీసేయడానికి భాషకు ఏ ఇబ్బందీ లేకపోయింది. ఫిలిప్పీన్స్ లాంటి పేరు నుంచి తీసేస్తే మాత్రం వాక్యం కుంటుతుంది. అంచేత రెండు వాదనలూ తమతమ ఉదాహరణల వరకు సరైనవే.

ఒక సీమన్ చెప్పుకునే వాక్యాలు

సోంపేట కుర్రాడొకడు ఇంటర్వ్యూలో తన గత ఓడ గురించి చెబుతున్నాడనుకుందాం.

“మై లాస్ట్ షిప్ వాజ్ రిజిస్టర్డ్ ఇన్ ది మార్షల్ ఐలాండ్స్.” ఇక్కడ దేశం పేరు సొంతంగా నిలబడింది కాబట్టి ‘ది’ ఉంది.

“ఐ జాయిన్డ్ ఎ మార్షల్ ఐలాండ్స్ ఫ్లాగ్డ్ బల్క్ క్యారియర్.” ఇదే దేశం, ‘ది’ మాయం. ఎందుకంటే ఈ వాక్యంలో అసలు నామవాచకం క్యారియర్. దేశం పేరు దానికి విశేషణంగా మారింది. ముందున్న ‘ఎ’ క్యారియర్‌ది. ఒక నామవాచకం ముందు రెండు ఆర్టికల్స్ పట్టవు గనుక దేశం తన ‘ది’ని బయట వదిలి వస్తుంది. ది బహామాస్ కూడా ఎ బహామాస్ ఫ్లాగ్డ్ ట్యాంకర్‌లో అంతే. ఓడలవాళ్లు రోజూ వాడే మాటలివి, గ్రామర్ పుస్తకాల్లో మాత్రం అరుదుగా కనిపిస్తాయి. తడబాటు ఎక్కువగా ఇక్కడే వస్తుంది కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగడం అవసరం. “ది మాల్దీవ్స్ గవర్నమెంట్” అన్నప్పుడు ముందున్న ‘ది’ మాల్దీవ్స్‌ది అనిపిస్తుంది, నిజానికి అది గవర్నమెంట్‌ది. “ఎ మాల్దీవ్స్ రిసార్ట్” అని మార్చి చూస్తే సంగతి బయటపడుతుంది.

“మోస్ట్ ఆఫ్ ది క్రూ వర్ ఫ్రమ్ ది ఫిలిప్పీన్స్, అండ్ వి సైన్డ్ ఆఫ్ ఇన్ సింగపూర్.” ఫిలిప్పీన్స్‌కు ఉంది, సింగపూర్‌కు లేదు. కారణాలు పైన చూసినవే.

ఇక ఓడ వెనక భాగాన, ఓడ పేరు కింద రిజిస్ట్రీ పోర్టు పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మార్షల్ ఐలాండ్స్ ఓడ అయితే మజురో, బహామాస్‌ది అయితే నసావు, మాల్టాది అయితే వలెట్టా. అవి ఊళ్ల పేర్లు, ‘ది’ ప్రసక్తే లేదు. ఆ ఓడ జన్మలో మజురో మొహం చూడకపోవచ్చు, కాగితం మీద మాత్రం అదే దాని ఊరు.

‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా?

‘ది’తో పాటు వచ్చే మరో అనుమానం క్రియ గురించి. పేరు బహువచనంలా ఉన్నా, దేశమన్న అర్థంలో వాడితే ఏకవచనమే. ది ఫిలిప్పీన్స్ ఈజ్ ఎ రిపబ్లిక్. ది మాల్దీవ్స్ హాజ్ ఎ ప్రెసిడెంట్. దీవులను నేలగా, సముద్రంలో చెదిరిన ముక్కలుగా చూస్తూ రాసే వర్ణనల్లో ‘ఆర్’ అప్పుడప్పుడు కనిపిస్తుంది. మన తెలుగు పేపర్లు కూడా ఇదే పని చేస్తాయి. “మాల్దీవులు ప్రకటించింది” అని రాస్తారు. మాట బహువచనం, క్రియ ఏకవచనం. ప్రకటించింది ప్రభుత్వం కాబట్టి మనకది ఎబ్బెట్టుగా అనిపించదు.

మ్యాపులు, హెడ్డింగులు, ఫారాలు

మన పిల్లలు ఈ పేర్లను మొదట చూసేది అట్లాసులో. మ్యాపుల మీద ‘ది’ వేయరు. హెడ్డింగుల్లో చోటు మిగుల్చుకోవడానికి ఆర్టికల్స్ కోసేస్తారు. ఫారాల్లో, కంప్యూటర్ జాబితాల్లో అక్షరక్రమం కోసం తీసేస్తారు. ఒలింపిక్స్ స్కోరుబోర్డు మీదా అంతే. సీడీసీ (ఓడల్లో పనిచేసేవాళ్ల గుర్తింపు పుస్తకం) ఫారంలో ఫ్లాగ్ అన్న గడిలో మార్షల్ ఐలాండ్స్ అని రాస్తే చాలు, అది వాక్యం కాదు. ఇలా ‘ది’ లేని రూపాలే ఎక్కువగా కంటపడటం వల్ల, వాక్యంలో దాన్ని చూసినప్పుడు కొత్తగా ఎవరో చేర్చినట్టు అనిపిస్తుంది. నిజానికి అది ఎప్పుడూ ఉన్నదే, జాబితాల్లోనే కనిపించదు.

పరీక్షలో ఈ బిట్ వస్తే

మామూలుగా అడిగే పేర్లలో వివాదం తక్కువ. ఖాళీ పక్కన ఫిలిప్పీన్స్, బహామాస్, మాల్దీవ్స్ ఉంటే జవాబు ‘ది’. జపాన్, శ్రీలంక, మారిషస్, ఫిజీ ఉంటే నో ఆర్టికల్. ఐలాండ్ ఆఫ్ శ్రీలంక, రిపబ్లిక్ ఆఫ్ ఫిజీ అని ఉంటే మళ్లీ ‘ది’, ఎందుకంటే ఇప్పుడు ముందున్నది ఐలాండ్, రిపబ్లిక్ అన్న మామూలు నామవాచకాలు. ఒకే శ్రీలంకకు ఒక బిట్‌లో ఒక జవాబు, ఇంకో బిట్‌లో ఇంకో జవాబు రావడం చూసి కీ తప్పనుకునేవాళ్లు కొందరుంటారు. కీ తప్పు కాదు.

సీషెల్స్, సాలమన్ ఐలాండ్స్ దగ్గరే నిజమైన ఇబ్బంది. పేరు కట్టిన తీరు ప్రకారం చూస్తే ‘ది’ సరైనది, ఆ దేశాల అధికారిక రూపం ప్రకారం నో ఆర్టికల్ సరైనది. రెండింటికీ ఇంగ్లిష్‌లో మంచి రచయితల సాక్ష్యం దొరుకుతుంది. ఒకే ఒక్క జవాబుండాల్సిన బిట్‌కు ఇలాంటి పేరు తగదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు దాన్ని ఎంచుకున్నారంటే, నష్టపోయేది సరిగ్గా చదువుకుని వచ్చిన అభ్యర్థే. కీ మీద అభ్యంతరం పెట్టడానికి గడువిచ్చే పరీక్షల్లో ఆ దేశం అధికారిక పేరును, వాడుకలోని రూపాన్ని రెండింటినీ జతచేసి పంపితే, ఆ బిట్‌కు రెండు జవాబులనూ ఒప్పుకోమని అడగడానికి తగిన ఆధారం ఉన్నట్టే.